నర్సరీ ఫీజు కాదు, పదో తరగతి ఫీజు అడగండి

తెలంగాణలో ఇంజినీరింగ్ కాలేజీ ఫీజు ఎంతో సీటు రాకముందే తెలుస్తుంది. ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ కాలేజీల ఆడిట్ లెక్కలు తెప్పించుకుని చూసి, ఒక్కో కాలేజీకి ఒక్కో ఫీజు చొప్పున మూడేళ్లకు ఖరారు చేస్తుంది. 2022-25 బ్లాకులో ఆ ఫీజు 45 వేల దగ్గర మొదలై పెద్ద కాలేజీల్లో లక్షన్నర దాటింది. ఎక్కువే కావచ్చు. కానీ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే పిల్లవాడి తండ్రి చేతిలో జీవోలో అచ్చయిన అంకె ఒకటి ఉంటుంది. అదే తండ్రి ఆ పిల్లవాణ్ని నర్సరీలో వేసిన రోజు అలాంటి అంకె ఏదీ లేదు. ఈ ఏడాది నర్సరీలో వేస్తున్న తండ్రికీ లేదు. ఇరవై ఏళ్ల కుర్రాడి చదువుకు రాష్ట్రం ధర కట్టగలిగినప్పుడు మూడేళ్ల పిల్ల చదువుకు ఎందుకు కట్టలేకపోతోంది?

మధ్యతరగతి కుటుంబం ప్రైవేటు స్కూలు ఫీజులు భరించగలదా అన్న చర్చ ఏటా మే నెలలో రాజుకుంటుంది. జూన్ 12న బడులు తెరిచి, మొదటి టర్మ్ ఫీజు కట్టేశాక చల్లారిపోతుంది. ఎవరో ఒక తల్లి నర్సరీకి రెండున్నర లక్షలు అడిగారంటూ రసీదు ఫొటో సోషల్ మీడియాలో పెడుతుంది, నాలుగు రోజులు టీవీల్లో నడుస్తుంది. నిజానికి ఆ రెండున్నర లక్షల స్కూళ్ల గురించి మధ్యతరగతి బెంగపెట్టుకోనక్కర్లేదు. వాటి గేటు దాకా వెళ్లేవాళ్లే తక్కువ. ఇబ్బంది అంతా యాభై వేలకూ లక్షకూ మధ్య ఉండే స్కూళ్లతోనే. చూడటానికి అందుబాటులోనే ఉన్నట్టుంటాయి, చేరాక ఏటా కాస్త కాస్త దూరం జరుగుతాయి.

ముందు మధ్యతరగతి అంటే ఎవరో చూడాలి. దేశంలో కుటుంబాల ఆదాయాలపై సర్వేలు చేసే ప్రైస్ సంస్థ లెక్కలో ఏడాదికి 5 లక్షల నుంచి 30 లక్షల దాకా సంపాదించే ఇల్లు మధ్యతరగతి ఇల్లే. నెలకు 42 వేలవాణ్నీ రెండున్నర లక్షలవాణ్నీ ఒకే గాటన కట్టిన నిర్వచనం అది. రెండోవాడి సంగతి పక్కన పెడదాం, అతనికి ఈ వ్యాసం అవసరం లేదు. ఎల్బీ నగర్‌లోనో, విజయవాడ పటమటలోనో, హనుమకొండలోనో అద్దెకుండి ఇంటికి నెలకు 60 వేలు తెచ్చుకునే కుటుంబాన్ని లెక్క కోసం తీసుకుందాం. ప్రైవేటు బ్యాంకులో చిన్న ఉద్యోగం, లేదా మంచి బేరమున్న మొబైల్ షాపు, లేదా ఇద్దరూ పనిచేస్తే చెరో ముప్పై వేలు. పేదవాళ్లు కారు. దేశంలో నెల జీతగాడి సగటు సంపాదన 21 వేల దరిదాపుల్లో ఉంది. ఈ ఇంటికి దానికి దాదాపు మూడింతలు వస్తోంది. 2023-24 కుటుంబ వినియోగ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో మనిషికి నెల ఖర్చు సగటున 9 వేలకు కాస్త తక్కువ, అంటే నలుగురికి 36 వేలు. ఆ సగటు కంటే కూడా వీళ్లు బాగా పైనే ఉన్నారు.

ఇప్పుడు వీళ్ల చిట్టా రాద్దాం. అద్దె, మెయింటెనెన్స్ 14 వేలు. పచారీ, పాలు, కూరలు, గ్యాసు మరో 14 వేలు. కరెంటు, ఫోన్లు, పెట్రోలు 6 వేలు. బండి వాయిదా 4 వేలు. ఆరోగ్య బీమా, మందులు, డాక్టరు సగటున 4 వేలు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు 5 వేలు. మొత్తం 47 వేలు. మిగిలింది 13 వేలు, ఏడాదికి లక్షా 56 వేలు. ఇందులో సినిమా లేదు, పెళ్లికి పెట్టుబడి లేదు, పండక్కి బట్టలు లేవు, భవిష్యత్తుకని ఒక్క రూపాయి దాచడమూ లేదు.

ఇద్దరు పిల్లలు, ఒక్కొక్కరికి 60 వేల ఫీజు. లక్షా 20 వేలు. బస్సు ఒక్కొక్కరికి 20 వేలు అనుకుంటే 40 వేలు. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, టై, బెల్టు, యాన్యువల్ డే డ్రెస్సు అన్నీ కలిపి చెరో 10 వేలు. మొత్తం లక్షా 80 వేలు. అంటే పైసా దాచకుండా, పండగ చేసుకోకుండా బతికినా ఏడాదికి 24 వేలు లోటు.

ఒక్క పిల్ల అయితే ఇదే ఇల్లు ఒడ్డున పడుతుంది. ఇద్దరైతే పడదు. తెలుగునాట నగరాల్లో "ఒక్కరు చాలు" అనుకునే జంటలు పెరగడానికి స్కూలు ఫీజు ఎంత కారణమో జనాభా నిపుణులు తేల్చాలి గానీ, ఇళ్లలో ఆ మాట వస్తే ముందు వినిపించేది మాత్రం ఫీజుల సంగతే.

కేంద్ర గణాంక శాఖ 2025లో చేసిన విద్యా సర్వే ఇంకో చిత్రం చూపిస్తుంది. దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడిలో పిల్లవాడికి ఏడాది ఖర్చు సగటున 2,863 రూపాయలు, ప్రైవేటులో 25,002 రూపాయలు. ఆ 25 వేల అంకె వింటే హైదరాబాద్ తల్లిదండ్రులు అది ఒక టర్మ్ ఫీజు కాబోలు అనుకుంటారు. ఉత్తరాది పల్లెల్లో నెలకు మూణ్నాలుగు వందలు తీసుకునే బడి, ఇక్కడి ఏసీ తరగతి గది అన్నీ కలిస్తే వచ్చిన సగటు అది. అదే సర్వేలో గమనించాల్సిన అంకె మరొకటుంది. పల్లెల్లో 66 శాతం పిల్లలు ప్రభుత్వ బడుల్లో ఉంటే పట్టణాల్లో 30 శాతమే ఉన్నారు. పట్టణంలో మధ్యతరగతికి ప్రైవేటు స్కూలు తప్పనిసరి ఖర్చయిపోయింది. దాన్ని ఎంపిక అనడం ఇక కుదరదు.

ఎందుకయిందో వెతికితే మూడేళ్ల వయసు దగ్గర తేలుతుంది. మన ప్రభుత్వ బడి చాలాకాలం ఒకటో తరగతి నుంచే మొదలైంది. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తే మూడేళ్ల పిల్లను ఎక్కడో ఒకచోట చేర్చాలి. అంగన్‌వాడీలో ఇంగ్లిషు రైములు ఉండవన్నది తల్లిదండ్రుల లెక్క. వీధి చివరి ప్రైవేటు స్కూలు నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అంటూ పిలుస్తుంది. మూడేళ్లు అక్కడ గడిచాక స్నేహితులు, బస్సు, టీచరు అన్నీ అలవాటైన పిల్లను ఒకటో తరగతిలో ప్రభుత్వ బడికి మార్చే ధైర్యం ఏ తల్లికీ రాదు. ఆంధ్రప్రదేశ్ ఫౌండేషన్ బడుల పేరుతో అంగన్‌వాడీలను బడులకు దగ్గర చేసింది. తెలంగాణ 2025-26లో కొన్ని ప్రభుత్వ బడుల్లో ప్రీప్రైమరీ తెరిచింది. వేల బడులున్న రాష్ట్రంలో అవి ఏ మూలకు? నాడు-నేడు, మన ఊరు-మన బడి లాంటి పథకాలతో గోడలకు రంగులు, నేలకు టైల్సు వచ్చాయి, మంచిదే. ఆ బడికి రావాల్సిన పిల్ల మూడేళ్ల ముందే ఇంకో బస్సెక్కేసింది.

కేంద్రీయ విద్యాలయాల సంగతి చూస్తే మధ్యతరగతి ప్రభుత్వ బడినే వద్దంటోందన్న వాదన నిలవదు. నెలకు 500 రూపాయల విద్యాలయ వికాస నిధి, పై తరగతుల్లో కొద్దిపాటి ట్యూషన్ ఫీజు, కంప్యూటర్ ఫీజు. పదో తరగతి దాకా ఏడాదంతా కలిపినా పది వేలు దాటదు. బదిలీల మీద తిరిగే కేంద్ర ఉద్యోగులకే మొదటి ప్రాధాన్యం. అయినా మిగిలే కొద్ది సీట్ల కోసం లాటరీలో పేరు రాకపోతే ఎంపీ కోటా కోసం ఎంపీల ఇళ్ల చుట్టూ తిరిగినవాళ్లలో ఎక్కువమంది మధ్యతరగతివాళ్లే. ఎంపీ కోటాను 2022లో తీసేశారు గానీ తిరిగిన కాళ్లు మర్చిపోలేదు.

మళ్లీ ఆ 60 వేల ఫీజు దగ్గరికి వద్దాం. అసలు ప్రమాదం ఈ ఏడాది అంకెలో లేదు, ఏటా పెరిగే శాతంలో ఉంది. నర్సరీ నుంచి పదో తరగతి దాకా పదమూడేళ్లు. ఏటా 10 శాతం పెరిగితే నర్సరీలో 60 వేలున్న ఫీజు పదో తరగతికి లక్షా 88 వేలవుతుంది. పదమూడేళ్లలో కట్టేది 14 లక్షల 70 వేలు, బస్సూ పుస్తకాలూ కాకుండా. అదే 5 శాతం చొప్పున పెరిగితే 10 లక్షల 60 వేలు. తేడా 4 లక్షలు, ఒక్క పిల్లకే. ఈలోగా జీతం ఏటా 5 శాతం పెరిగే ఉద్యోగి ఆదాయం 7 లక్షల 20 వేల నుంచి 13 లక్షలకు కూడా చేరదు. మొదట్లో ఇద్దరి ఫీజు ఇంటి ఆదాయంలో ఆరో వంతు. పెద్దది పదో తరగతికి వచ్చేసరికి అది పావు వంతు దాటుతుంది. ఇంటర్ ఇంకా ముందే ఉంది. రెసిడెన్షియల్ కార్పొరేట్ కాలేజీలో ఒక్క ఏడాది ఫీజు పదో తరగతి ఫీజును చిన్నబుచ్చుతుంది.

అందుకే అడ్మిషన్ కౌంటర్ దగ్గర నర్సరీ ఫీజు ఎంతని అడగడంతోనే తల్లిదండ్రులు ఓడిపోతున్నారు. ఈ ఏడాది పదో తరగతి ఫీజు ఎంత? గత మూడేళ్లలో ఎంత శాతం పెంచారు? ఐఐటీ ఫౌండేషన్, టెక్నో, ఒలింపియాడ్ అంటూ ఆరో తరగతి నుంచి కొత్తగా కలిసే పద్దులేమిటి? ఈ మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబివ్వని స్కూలు నర్సరీ ఫీజులో ఎంత రాయితీ ఇచ్చినా ఒకటే.

లోటు ఎలా పూడుతుందన్నది ప్రతి ఇంటికీ తెలిసిన రహస్యమే. జూన్‌లో బీరువాలోంచి గాజులు బయటికొచ్చి తాకట్టు కొట్టుకు వెళ్తాయి, దీపావళికి విడిపించాలనుకుంటారు, వడ్డీ కట్టి తిరగరాయిస్తారు. చిట్టీ ఉన్నవాళ్లు పాటకు కూర్చుంటారు. అవసరంలో ఉన్నవాడు ఎక్కువ తగ్గించి పాడతాడు, అందరికీ జూన్‌లోనే అవసరం. కొత్తగా ఫీజులకు అప్పిచ్చే కంపెనీలు వచ్చాయి. స్కూలుకు ఏడాది ఫీజు మొత్తం కంపెనీ ఒకేసారి కట్టేస్తుంది, తల్లిదండ్రులు నెలనెలా కంపెనీకి కట్టుకుంటారు. ఒక్క నెల ఖాతాలో డబ్బు లేకపోతే బౌన్సు చార్జీ, సిబిల్ స్కోరు మీద మచ్చ. పాత పద్ధతిలో ప్రిన్సిపాల్ గదిలో నిలబడి "వచ్చే పదో తారీఖుకి సర్దుతాను సార్" అనే వీలుండేది. యాప్‌తో ఆ మాట చెప్పుకోలేం.

ఈ ఇంటికి ప్రభుత్వం చేసే సాయం ఎంత? ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి అయినా, 2025 జూన్‌లో దాని స్థానంలో వచ్చిన తల్లికి వందనం అయినా ప్రైవేటు బడి పిల్లలకూ వర్తిస్తుంది. తల్లికి వందనం ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇవ్వడం మంచి మార్పు. కానీ పట్టణంలో కుటుంబ నెల ఆదాయం 12 వేలు దాటకూడదు, కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు మించకూడదు, ఆదాయపు పన్ను కట్టి ఉండకూడదు. మన 60 వేల ఇల్లు ఆదాయం దగ్గరే ఆ గీత దాటిపోతుంది. తెలంగాణలో స్కూలు పిల్లలకు అలాంటి పథకమే లేదు. ఆదాయపు పన్ను పాత విధానంలో ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుకు మినహాయింపు చూపించుకోవచ్చు. లక్షన్నర పరిమితి 2014 నుంచి కదల్లేదు, అందులోనే పీఎఫ్, ఎల్‌ఐసీ, ఇంటి అప్పు అసలు కూడా ఇరుక్కోవాలి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్నే లేదు కాబట్టి మన 60 వేల ఇంటికి ఆ మినహాయింపుతో పనే లేదు. పిల్లల చదువు భత్యంపై పన్ను మినహాయింపు దశాబ్దాలపాటు నెలకు 100 రూపాయలు, అక్షరాలా వంద, దగ్గరే ఉండిపోయింది.

తల్లికి వందనం కింద పేదవాడికని పెట్టిన 15 వేలు ఈ ఇంటికీ ఇవ్వమని ఎవరూ అడగడం లేదు, అడగకూడదు కూడా. కానీ నగదు సాయం లేని చోట నియమమైనా ఉండాలి. అదీ లేదు.

నియమాల చరిత్ర మాత్రం పొడుగ్గానే ఉంది. 1994 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 1 ప్రకారం ప్రైవేటు స్కూలు ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, మరో 15 శాతం సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ వగైరాలకు పోవాలి, యాజమాన్యానికి మిగిలేది 5 శాతం దాటకూడదు. చదివితే ముచ్చటేస్తుంది. 2009లో జీవో 91తో జిల్లా ఫీజుల కమిటీలు అన్నారు, కోర్టులో నిలవలేదు. తెలంగాణ 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ వేసింది. ఏటా 10 శాతం దాకా పెంచుకోవచ్చన్న ఆ కమిటీ సిఫారసు తల్లిదండ్రులకు రుచించలేదు, యాజమాన్యాలకూ పూర్తిగా నచ్చలేదు, ఫైలు కదల్లేదు. కరోనా ఏడాది జీవో 46 ఫీజు పెంచొద్దు, ట్యూషన్ ఫీజే తీసుకోండి అంది. కొన్ని స్కూళ్లు మిగతా పద్దులన్నీ తెచ్చి ట్యూషన్ ఫీజులోనే కలిపేశాయని తల్లిదండ్రుల సంఘాలు గగ్గోలు పెట్టాయి.

ఆంధ్రప్రదేశ్ మరో దారి పట్టింది. 2019లో చట్టం చేసి పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ పెట్టింది. 2021 ఆగస్టులో జీవో 53 ఇచ్చింది. పంచాయతీల్లో ప్రాథమిక తరగతులకు 10 వేలు, హైస్కూలుకు 12 వేలు. మున్సిపాలిటీల్లో 11 వేలు, 15 వేలు. కార్పొరేషన్లలో 12 వేలు, 18 వేలు. విశాఖ బీచ్ రోడ్డు స్కూలుకూ గాజువాక సందులోని స్కూలుకూ ఒకటే ఫీజన్నమాట. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అలా అందరికీ ఒకే గీత గీస్తే ఏ కోర్టులోనూ నిలబడటం కష్టం. ప్రైవేటు విద్యాసంస్థలు సముచితమైన మిగులు ఉంచుకోవచ్చని, లాభాపేక్ష, క్యాపిటేషన్ మాత్రం కూడదని సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులోనే చెప్పింది. ఆ మిగులు ఏ స్కూలుది ఎంతో లెక్కలు చూడకుండా తేలదు.

యాజమాన్యాల మాట పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. బస్సు డీజిలు, స్థలం అద్దె, ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు, ఫైర్ ఎన్‌వోసీ, అన్నీ పెరిగాయి. పాతిక వేల లోపు ఫీజుతో నడిచే చిన్న స్కూళ్లు కరోనాలో వరుసగా మూతపడ్డాయి. కానీ ఖర్చు పెరిగింది జీతాల వల్లేనని ఎవరైనా అంటే నమ్మడం కష్టం. 2021 ఏప్రిల్‌లో, బడులు మూతపడి జీతాలు ఆగిపోయిన ప్రైవేటు టీచర్లకు తెలంగాణ ప్రభుత్వం నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. లక్షమందికి పైగా వాటి కోసం పేర్లు రాయించుకున్నారు. ఏళ్ల తరబడి ఫీజులు కట్టించుకున్న స్కూళ్లలో పాఠాలు చెప్పినవాళ్లే వాళ్లు. జీవో 1లోని ఆ 50 శాతం వాళ్లకు నిజంగా అంది ఉంటే రేషన్ బియ్యం వరుసలో నిలబడేవాళ్లా?

దారి చూపేవి ఇతర రాష్ట్రాల్లో ఉన్నాయి. రాజస్థాన్ 2016 చట్టం స్కూలు స్థాయిలోనే తల్లిదండ్రులు, టీచర్లు, యాజమాన్యం కలిసిన కమిటీని పెట్టింది. అక్కడ ఖరారైన ఫీజు మూడేళ్లపాటు మారదు. ఈ చట్టాన్ని 2021 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. గుజరాత్ 2017లో ప్రాథమికానికి 15 వేలు, సెకండరీకి 25 వేలు అని గీత పెట్టింది గానీ, అంతకు మించి తీసుకోదలిచిన స్కూలు లెక్కలు చూపించి కమిటీ అనుమతి తెచ్చుకోవచ్చంది. ఢిల్లీ 2025 చట్టమూ మూడేళ్ల ఫీజు పద్ధతే ఎంచుకుంది. అక్కడ ఫిర్యాదు చేయాలంటే 15 శాతం తల్లిదండ్రులు కలిసి రావాలన్న నిబంధన అన్యాయమే. పిల్ల లోపల ఉండగా బయట సంతకం పెట్టే తల్లిదండ్రులు అంతమంది దొరకడం తేలిక కాదు.

తెలంగాణ విద్యా కమిషన్ 2025 జనవరిలో ప్రభుత్వానికి ఫీజుల నియంత్రణ ముసాయిదా ఇచ్చింది. అందులో ఏం ఉండాలన్న చర్చకు కొత్త సిద్ధాంతాలు అక్కర్లేదు. ఇంజినీరింగ్ ఫీజులకు ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే స్కూళ్లకూ చేయాలి. ఆడిట్ లెక్కలు, ఒక్కో స్కూలుకు ఒక్కో ఫీజు, మూడేళ్ల బ్లాకు. అక్కడా కాలేజీలు హైకోర్టుకు వెళ్తూనే ఉంటాయి, ఫీజులు పెరుగుతూనే ఉంటాయి. అయినా మూడేళ్లు ఏమవుతుందో తెలిసిన తండ్రి ఆ మేరకు చిట్టీ ఎప్పుడు ఎత్తాలో, ఏ స్కూలు మనకు కాదో ముందే తేల్చుకోగలడు. ఫీజు తగ్గించమని అడిగినప్పుడు కోర్టు అడ్డొస్తుంది. ఫీజు ముందే చెప్పమంటే అడ్డు చెప్పడానికి ఏ యాజమాన్యానికీ గట్టి కారణం ఉండదు. బస్సు, పుస్తకాలు, ఫౌండేషన్ కోర్సు కూడా ఆ ఫీజు పట్టికలోనే చేరాలి. లేకపోతే ట్యూషన్ ఫీజు నిలిచి బస్సు ఫీజు పరుగెత్తుతుంది.

ఇది తేలకపోతే ఏమవుతుందో ఇళ్లలో ఇప్పటికే అవుతోంది. డబ్బు చాలనప్పుడు ఇద్దరిలో ఒకరి బడి మారుతుంది. ప్రైవేటు బడుల్లో అబ్బాయిల వాటా, ప్రభుత్వ బడుల్లో అమ్మాయిల వాటా ఎక్కువని సర్వేలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. అన్న టెక్నో స్కూలు బస్సు కోసం నిలబడితే చెల్లి నడిచి వెళ్లే బడికి వెళ్తుంది. ఇంట్లో దానికి చెప్పే కారణం "దగ్గర కదా" అని.

హైదరాబాద్‌లో పేరున్న స్కూళ్లు వచ్చే జూన్ అడ్మిషన్లను దసరా నాటికే తెరుస్తున్నాయి. సంక్రాంతికల్లా నర్సరీ సీట్లు నిండిపోతాయి, కాషన్ డిపాజిట్ కట్టేసి ఉంటుంది. కాబట్టి ఏ కమిషన్ ఏ ఫీజు ఖరారు చేసినా ఆ పట్టిక స్కూలు నోటీసు బోర్డు మీదకు, జిల్లా విద్యాధికారి వెబ్‌సైట్‌లోకి సెప్టెంబరులోపే రావాలి. ఏప్రిల్‌లో వచ్చే జీవో ఎంత గట్టిదైనా అప్పటికే డిపాజిట్ కట్టినవాళ్లకు పనికిరాదు.